నలుగురు శ్రీరామమూర్తులు, ఒక శాలువా

పుల్లేటికుర్తి శ్రీరామమూర్తి గారికి అరవై దాటి చాలా కాలమైంది. అయినా ఇంటా బయటా ఆయన్ని చంటి అనే పిలుస్తారు. ముద్దుకొద్దీ కాదు, గత్యంతరం లేక.

ఆయన తాతగారి పేరు కూడా శ్రీరామమూర్తే. ఆ తాతగారికి నలుగురు కొడుకులు. పితృభక్తిలో ఒకరికొకరు తీసిపోకూడదని నలుగురూ తమ పెద్దకొడుకులకి తండ్రి పేరే పెట్టారు. కోనసీమలో ఇదేం వింత కాదు. చిక్కల్లా పిలవడం దగ్గర వచ్చింది. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు. పోనీ అన్నా, "ఒరేయ్ శ్రీరామమూర్తీ, వెధవా, అన్నానికి రా" అని కేకేస్తే అరుగు మీది మామగారు కూడా లేచి రావచ్చు. అందుకని నలుగురు కోడళ్ళూ నాలుగు పేర్లు కనిపెట్టారు: అబ్బులు, బాబ్జీ, బుజ్జి, చంటి. పెద్దల మీద గౌరవం అంటే మనకి సాధారణంగా ఇదే. పేరు పెట్టుకోవడం, పెట్టి వాడకుండా దాచుకోవడం.

అంతటితో ఆగినా బాగుండేది. నలుగురు శ్రీరామమూర్తులూ పుస్తకాలు రాశారు.

పెద్దవాడు అబ్బులు అమలాపురంలో పురోహితుడు. ఆయన రాసిన 'అమ్మలకు నూటొక్క వ్రతాలు' లేని పూజగది డెల్టాలో లేదు, పసుపు మరక లేని కాపీ కూడా లేదు. ఆ ఊపులో ఇంకో డజను రాసేశాడు. బాబ్జీ కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. పగలంతా యూరియా, రాత్రిళ్ళు హత్యలు. 'లిఫ్టులో లాయరు' అనే నవల రాసేనాటికి ఆయన లిఫ్టు ఎక్కలేదు, లాయర్ని మాత్రం చూశాడు. బుజ్జి భీమవరంలో ఫిషరీస్ లెక్చరరు. పుట్టి బుద్ధెరిగి రొయ్య నోట్లో పెట్టలేదు గాని రొయ్య కడుపులో ఏముందో రొయ్య కన్నా ఆయనకే బాగా తెలుసు. 'రొయ్యకి జ్వరం వస్తే' అన్న ఆయన పుస్తకాన్ని రైతులు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని చెరువుగట్ల మీద చదువుతారు.

చిన్నవాడు చంటి. రావులపాలెంలో బ్యాంకు క్యాషియరుగా ఉద్యోగమంతా వెళ్ళబుచ్చి, రాజమండ్రిలో ఇల్లు కట్టుకున్నాడు. ఒకే ఒక్క పుస్తకం రాశాడు. పేరు 'గెల బేరం'. రావులపాలెం అరటి మార్కెట్లో తను చూసిన మనుషుల గురించి. సైకిలుకి రెండు వైపులా గెలలు కట్టుకుని తోసుకొచ్చే రైతులు, "ఇది గెలా అండి, దువ్వెనా?" అని తూలనాడి తర్వాత అదే గెలని చంటిపిల్లలా ఎత్తుకెళ్ళే వ్యాపారులు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటూ నోరు మెదపకుండా పోట్లాడుకునే దళారులు. మంచి పుస్తకం. ఈ మాట ఆయన ఒక్కడే అనేవాడు, ఎందుకంటే చదివినవాడు ఆయన ఒక్కడే.

సొంత ఖర్చుతో వేయించాడు. వెనక అట్ట మీద "చదివినవారు దయచేసి ఫోన్ చేసి అభిప్రాయం చెప్పగలరు" అని తన నంబరు కూడా వేయించాడు. ఆ అట్ట చూసి ఒకే ఒక్క ఫోన్ వచ్చింది. ఒక లారీ లోడు బొంత అరటి కావాలట, రేటెంతని అడిగాడు.

అరటి మార్కెట్లోనూ తెలిసినవాళ్ళకీ కొన్ని కాపీలు పంచాడు. పుచ్చుకున్నవాళ్ళు కనిపించినప్పుడు "చదివానండి, చాలా బాగుంది" అనేవారు.

"ఏది నచ్చిందండి?"

"అట్టండి."

మిగిలిన కట్టలు అటకెక్కాయి. అటక నిండాక ఆయన భార్య హైమ రెండు కట్టల మీద ఆవకాయ జాడీలు నిలబెట్టింది, నాలుగు కట్టలు వాషింగ్ మెషీన్ కింద పెట్టింది. మెషీన్ తిరిగినప్పుడల్లా 'గెల బేరం' గడగడా వణికేది. సాహిత్యం జనాన్ని కదిలించాలంటారు. ఇక్కడ బట్టలు సాహిత్యాన్ని కదిలించేవి.

అలాగని చంటికి పాఠకులు లేరని కాదు. ఉన్నారు, తనవాళ్ళు కారు. సెల్‌ఫోన్లో పేరు కొడితే నలుగురి పుస్తకాలూ ఒకే శ్రీరామమూర్తి కింద వరసగా వచ్చేవి. ఫోన్ నంబరు వేయించుకున్నవాడు చంటి ఒక్కడే కనక ఆ వరస కింద ఆయన నంబరే ఉండేది. తెల్లారకుండానే ఫోన్ మోగేది.

"సార్, రొయ్యలు పైకి తేలిపోతున్నాయండి!"

"ఏరేటర్లు తిప్పండి," అనేవాడు చంటి నిద్రమత్తులోనే. చెరువు నీళ్ళలో గాలి కలిపే మరలవి, బుజ్జి నేర్పిన మాట. ఎక్కువసార్లు పనిచేసేది కూడా. గోదావరి గట్టున ఎవరో ఇల్లాలు గబుక్కున కాళ్ళకి దణ్ణం పెట్టి, "మీ పుస్తకం చూసే వ్రతం చేశామండి, అమ్మాయికి సంబంధం కుదిరింది" అనేది. "శుభం" అనేవాడు. ఒకావిడైతే లాయర్ని అంత ఘోరంగా చంపించినందుకు పావుగంట దులిపేసింది. దానికీ ఊఁ కొట్టాడు. ముగ్గురు అన్నల కీర్తి మోసుకు తిరిగే కావడి అయిపోయాడు. ఆయన కోరిక చాలా చిన్నది. ఒక్కడు, ఎవడో ఒక్కడు, ఫోన్ చేసి 'గెల బేరం' గురించి మాట్లాడాలి. తిట్టినా సరే.

మే నెలలో ఒకరోజు ఫోన్ మోగింది.

"నమస్కారమండి. రచయిత పుల్లేటికుర్తి శ్రీరామమూర్తి గారేనా అండి?"

"ఆయ్, నేనేనండి. ఏరేటర్లు తిప్పారా?"

"ఏంటండి?"

మాట్లాడింది సారిక అనే తెలుగు లెక్చరరు. మండపేటలో రైస్ మిల్లు యజమాని పాపారాజు గారు ఏటా తన పుట్టినరోజుకి ఒక రచయితకి సన్మానం చేస్తారట. ఈ ఏడు మీకేనండి అంది. "ఏ పుస్తకానికి?" అన్న ప్రశ్న చంటి నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. సన్మానం చేస్తామన్నవాళ్ళని ప్రశ్నలడిగితే శాలువా వేరే భుజం చూసుకుంటుందని మన రచయితలందరికీ పుట్టుకతో తెలుసు.

సాయంత్రానికి ఆహ్వానం సెల్‌ఫోన్లోకి వచ్చింది. 'బహుగ్రంథకర్త పుల్లేటికుర్తి శ్రీరామమూర్తి గారికి ఘన సన్మానం.'

"ఒక్కటి రాసి బహుగ్రంథకర్త ఏంటండి?" అంది హైమ.

"కాపీలు బహు కదే."

ఆ ఆనందంలో చేయకూడని పని చేశాడు. ఆహ్వానాన్ని చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

ముందు అబ్బులు దగ్గర్నుంచి వచ్చింది: "చాలా సంతోషం. బహుగ్రంథకర్త అన్నారు కనుక నన్నే అయి ఉంటుంది. పొరపాటున తమ్ముడి ఫోనుకి వచ్చినట్టుంది."

బాబ్జీ ఊరుకుంటాడా? "పుట్టినరోజు నాడు పురోహితుడికి దక్షిణ ఇస్తారు అన్నయ్యా, శాలువా కప్పరు. జనం చదివేది నవలలు."

బుజ్జి చివర్లో వచ్చాడు: "పాపారాజు గారి బావమరిదికి మా వైపు రొయ్యల చెరువులున్నాయి. ఇంతకన్నా నేను చెప్పకూడదు."

సారికకి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. నలుగురిలో ఒక్కడూ చెయ్యలేదు. "అమ్మా, మీరు పిలిచింది నన్నా, మా తమ్ముణ్ణా?" అని ఏ మొహంతో అడుగుతారు? మర్యాదస్తుల కుటుంబం. మర్యాద కోసం ఎంత తికమకనైనా భరిస్తారు. చివరికి అందరూ కలిసి వెళదామని, ఎవరికి జరిగితే వాళ్ళకి మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలని తీర్మానం అయింది.

ఆ రోజు పొద్దున్నే ముగ్గురన్నలూ రాజమండ్రిలో దిగారు. హైమ పెసరట్లు వేస్తూ చూసింది. ముగ్గురి ఒళ్ళోనూ తలా ఒక సంచి. ప్రతి సంచిలోంచీ పట్టుకండువా జరీ అంచు తొంగిచూస్తోంది.

"చప్పట్లు కొట్టడానికే కదా బావగారూ వెళ్ళేది? కండువాలెందుకు?"

"చలేస్తే ఉంటుందనమ్మా," అన్నాడు అబ్బులు. బయట ఎండకి కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి.

కారులో బాబ్జీ పెదాలు కదులుతున్నాయి. "నేను అర్హుణ్ణో కానో..." అని ఒకసారి పైకే వచ్చేసింది. మిగతా ముగ్గురూ కిటికీల్లోంచి బయటికి చూశారు, ఎందుకంటే వాళ్ళ ప్రసంగాలు కూడా అలాగే మొదలవుతాయి.

మండపేట కల్యాణమండపం కిటకిటలాడుతోంది. మిల్లు మనుషులు, లారీ డ్రైవర్లు, వాళ్ళ కుటుంబాలు. తర్వాత భోజనాలున్నాయి. తెలుగు చచ్చిపోతోందని ఒకాయన ముప్పావుగంట తెలుగులోనే మాట్లాడాడు. ఎలా చస్తుందో వింటున్నవాళ్ళకి బాగా అర్థమైంది. ముందు వరసలో పాపారాజు గారి తల్లి బుల్లెమ్మ గారు కూర్చుంది. ఎనభై ఏళ్ళావిడ. చేతిలో తాటాకు విసనకర్ర, ఒళ్ళో చేతిసంచి, మొహంలో ఈ కార్యక్రమం మీద ఏమాత్రం గౌరవం లేదు.

సారిక మైకు అందుకుని, పటం కట్టించిన సన్మానపత్రం చదవడం మొదలుపెట్టింది.

"ముత్తయిదువుల చేత నోములు నోయించి, హంతకుల గుట్టు రట్టుచేసి, రొయ్యల నాడి పట్టి, అరటి గెలలకు అక్షరాలు తొడిగిన ఓ బహుముఖ ప్రజ్ఞాశాలీ! పుల్లేటికుర్తి శ్రీరామమూర్తి మహాశయా! వేదిక మీదకి దయచేయండి!"

బహుముఖం నాలుగుచోట్ల లేచి నిలబడింది. నాలుగు కండువాలు ఒక్కసారే భుజాల మీదకి వచ్చాయి.

హాల్లో చప్పట్లు మొదలై, సందేహంలో పడి, ఆగిపోయాయి. పాపారాజు గారు శాలువా పట్టుకుని అటూ ఇటూ చూశారు.

"నలుగురేంటండి?"

సారిక మొహం పాలిపోయింది. నలుగురూ వేదిక ఎక్కాక అబ్బులు, పురోహితుడి గొంతుతో, తాతగారి దగ్గర్నుంచి మొదలుపెట్టి వంశక్రమం అంతా చెప్పాడు. పాపారాజు గారు ఓపిగ్గా విన్నారు. విని నీరసపడిపోయారు.

"అయితే ఇవన్నీ రాసింది ఒక్కరు కాదాండి?"

"కాదండి. తలా ఒక రకం."

"ఒక్క బుర్రలో ఇన్ని పట్టాయనే కదండి పిలిచింది! తలా ఒక రకం అయితే ఎవరైనా రాస్తారు కదండి."

నలుగురికీ ఈ మాట సమానంగా తగిలింది. ఆ రోజు వాళ్ళకి సమానంగా దక్కింది అదొక్కటే. శాలువా ఒకటి, దండ ఒకటి, పటం ఒకటి. వయసుని బట్టి తనకే అన్నాడు అబ్బులు. అమ్మకాలని బట్టి చూడమన్నాడు బాబ్జీ. రైతుకి ఉపయోగాన్ని బట్టి చూడాలన్నాడు బుజ్జి. చెప్పుకోవడానికి చంటి దగ్గర అటక తప్ప ఏమీ లేదు. భోజనాల వాసన వస్తుండటంతో పాపారాజు గారు తీర్పు చెప్పేశారు.

"మా సారిక గారు ఫోన్ చేసింది ఎవరికండి? మీకా? అయితే మీరే కూర్చోండి. అయిపోతుంది."

చంటిని కుర్చీలో కూర్చోబెట్టారు. మెడలో దండ పడింది. శాలువా మడత విప్పారు. ముదురు ఆకుపచ్చ, జరీ పువ్వులు. ఆ రంగు తనకి బాగుంటుందని హైమ ఎప్పుడో అంది.

"ఆగరా పాపా," అంది బుల్లెమ్మ గారు కూర్చున్న చోటునుంచే. ఆవిడకి మైకు అక్కర్లేదు. "ఇందాక అరటి గెలలన్నారు. ఆ గెల పుస్తకం రాసింది వీళ్ళలో ఎవడు?"

"ఇప్పుడెందుకమ్మా..."

"ఎందుకా? మా నాన్నని నలుగురిలో నవ్వులపాలు చేశాడ్రా వాడు! మిగతా ముగ్గురిలో ఎవరికైనా కప్పుకో. వాడికి మాత్రం నా కళ్ళముందు శాలువా కప్పావంటే భోజనం ముట్టను."

పాపారాజు గారి చేతుల్లో శాలువా గాలిలోనే ఆగిపోయింది. మిల్లులో ఎదురులేని మనిషి. తల్లి ముందు మాత్రం మూతి కట్టిన బస్తా.

బాబ్జీ చంటి చెవిలోకి వంగాడు. "ఒరేయ్, నోరెత్తకు. నేనే రాశానని ఒప్పేసుకుంటాను. నా నవలల్లో చెయ్యని నేరం ఒప్పుకున్నవాళ్ళు బోలెడుమంది. నువ్వు హాయిగా కప్పించుకో." నిజంగానే చెయ్యి ఎత్తాడు. "అమ్మా! ఆ గెల బేరం రాసిన పాపిని..."

ఇన్నేళ్ళూ చంటి అన్నల పుస్తకాలన్నిటికీ ఊఁ కొట్టాడు. రొయ్యలు తనవే అన్నాడు, వ్రతాలు తనవే అన్నాడు, హత్య కూడా నెత్తిన వేసుకున్నాడు. తన ఒక్క పుస్తకం ఇంకొకడిదని వినేసరికి మాత్రం కుర్చీలోంచి స్ప్రింగులా లేచాడు.

"అన్నయ్యా, నోర్ముయ్! అది నాది! గెల బేరం నేనే రాశానండి! ప్రతి అక్షరం నేనే రాశాను!"

దండ ఊగి మూతికి కొట్టుకుంది.

"మీరా?" బుల్లెమ్మ గారు విసనకర్ర దించింది. "రావులపాలెం బ్యాంకులో క్యాషియరు మీరే కదూ?"

"ఆయ్, నేనేనండి."

"చక్రకేళి రాజు గారని రాశారు. పేరు మార్చేస్తే తెలీదనుకున్నారా? ఆయన మా నాన్న!" ఆవిడ కళ్ళు మూసుకుని, తడుముకోకుండా అప్పజెప్పింది. "'బేరం ముదిరినప్పుడు రాజు గారు తలెత్తి పైకి చూసేవారు. దేవుణ్ణి తలుచుకుంటున్నారని రైతులు జంకి, ధర తగ్గించేవారు. నిజానికి ఆయనకి కూడికలు రావు. పైన వాసాల మీద లెక్కపెట్టుకునేవారు.' అవునా?"

ఈవిడ చదివింది. చదవడం కాదు, కంఠతా పట్టింది. "అవునండి," అన్నాడు చంటి మురిసిపోతూ. "ఇంకా ఏమున్నాయండి తప్పులు?"

"నవ్వుతున్నారా? మా నాన్నకి లెక్కలు రావంటారా?"

"నేను చూసింది రాశానండి."

"ఏం చూశారు మీరు? కళ్ళు పెట్టుకుని చూశారా? మా కొట్టుకి వాసాలెక్కడివయ్యా? అది రేకుల షెడ్డు! మా నాన్న వాసాలు కాదు లెక్కపెట్టింది, రేకుల మీది బోల్టులు!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా వెనక వరసలోని లారీ డ్రైవర్లకి అర్థమైంది. అక్కణ్ణుంచి నవ్వు వరదలా ముందు వరసకి వచ్చింది. బుల్లెమ్మ గారు తను అన్నదేమిటో అప్పుడు తెలుసుకుంది. కాసేపు బిగబట్టింది. తర్వాత విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది. విసనకర్ర వెనక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఈ గందరగోళంలో పాపారాజు గారు, చేతులు నొప్పెట్టి, దగ్గర్లో వంగి ఉన్న భుజాల మీద శాలువా పడేశారు. అవి అబ్బులువి. ఆయన అంతసేపూ వంగే ఉన్నాడు.

భోజనాల దగ్గర బుల్లెమ్మ గారు చంటిని తన పక్కనే కూర్చోబెట్టుకుంది. కోపం పోలేదు, ఆకలి మాత్రం వేస్తోంది.

"ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయా మీ దగ్గర?"

"అన్నీ ఉన్నాయండి."

"అన్నీ పంపించెయ్యండి. కొనేస్తాను. మా నాన్న గురించి ఒక్కటి కూడా బయట తిరగకూడదు."

మర్నాడు మిల్లు లారీ వచ్చింది. బియ్యం బస్తాలు మోసే మనుషులు అటక ఖాళీ చేశారు, ఆవకాయ జాడీలు నేల మీదకి దించారు. వాషింగ్ మెషీన్ కింది కట్టలు లాగేస్తుంటే హైమ ఒక్కసారి అడ్డుపడబోయి, మనసు మార్చుకుని రెండు ఇటుకలు తెచ్చింది.

"తగలేస్తారేమోనండి," అంది లారీ సందు మలుపు తిరిగాక.

"తగలెయ్యనీ. చదివే కదా తగలేస్తోంది," అన్నాడు చంటి. "ఎంతమంది రచయితలకి దక్కుతుందే ఆ భాగ్యం?"

తగలెయ్యలేదు. తండ్రి ఉన్న పుస్తకానికి నిప్పు పెట్టడానికి బుల్లెమ్మ గారికి చేతులు రాలేదు. మిల్లు గుమాస్తాల చేత కాపీ కాపీకీ ఆ నాలుగు వాక్యాల మీద నల్ల మార్కరుతో గీత కొట్టించింది. కొట్టించిన కాపీలు కుప్పగా పడి ఉంటే ఏం చెయ్యాలో తోచక, మనవడు రవితేజ పెళ్ళిలో తాంబూలం సంచుల్లో పెట్టి, తలా రెండు చక్రకేళులతో సహా పంచేసింది.

ఇక్కడ ఆవిడ మన జనం సంగతి మరిచిపోయింది. రాసింది చదవమంటే ఎవరూ చదవరు. చెరిపేసింది మాత్రం వదిలిపెట్టరు. పెళ్ళి నుంచి తిరిగి వెళ్ళే బస్సుల్లో జనం ఆ పేజీని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారట. దీపం పెట్టి చూశారు, వెనకనుంచి చూశారు, నీళ్ళతో తడిపి చూశారు. ఏమీ కనపడకపోయేసరికి ముందు పేజీలు చదివారు, ఏమైనా ఆధారం దొరుకుతుందేమోనని. తర్వాత వెనక పేజీలు చదివారు. చివరికి వెనక అట్ట తిప్పారు. అక్కడ ఫోన్ నంబరుంది.

ఇప్పుడు చంటి ఫోన్‌కి తీరిక లేదు. కాకినాడ నుంచి బాబ్జీ చేస్తాడు, తన కొత్త నవలలో హంతకుడి పేరు మీద నల్ల గీత కొట్టించి అచ్చు వేయిస్తున్నానని. రొయ్యల రైతు తెల్లారకుండానే చేస్తాడు. అలవాటుకొద్దీ "ఏరేటర్లు తిప్పండి" అంటే, "అది తిప్పేశానండి. మా ఆవిడ అడగమందండి, ఆ నల్ల గీత కింద ఏముందండి?" అంటాడు.

చంటి మంచం మీద లేచి కూర్చుని, గొంతు సవరించుకుంటాడు.

"ముందు ఇది చెప్పండి. దువ్వెన గెల రైతు కథ చదివారా?"

"చదివామండి."

"ఏది నచ్చింది?"

ఈసారి అవతలివాళ్ళు అట్ట అనరు. చాలాసేపు చెబుతారు. హైమ కాఫీ తెచ్చి పక్కన పెడుతుంది, అది చల్లారిపోతుంది. అంతా విన్నాక, నల్ల గీత సంగతి మాత్రం ఆయన చెప్పడు. మండపేటలో బుల్లెమ్మ గారని ఉన్నారు, ఆవిణ్ణే అడగండి అంటాడు. అడుగుతున్నారట. ఆవిడ కాసేపు కసురుతుందట. తర్వాత వాళ్ళని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని, తడుముకోకుండా మొత్తం అప్పజెబుతుందట. వాసాలన్న చోట మాత్రం బోల్టులంటుందట.